చేతులు మండే ఆట

నాకు కోపం ఎక్కువని మా కాలేజీలో అందరికీ తెలుసు. పిల్లలు చాటుగా నన్ను ‘కారం మేడం’ అంటారని నాకూ తెలుసు. మిర్చి పండే సత్తెనపల్లిలో పుట్టి పెరిగినదాన్ని, ఇంకేమంటారు? డిప్లొమా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. కాలిపోయిన మీటర్లు, కాళ్ళు విరిగిన చిప్పులు, పని చెయ్యని వాటిని పని చేస్తున్నట్టు రాసే రికార్డు పుస్తకాలు, వీటి మధ్య ఇరవయ్యేళ్ళు గడిచాయి. కోపం రాకపోతే ఆశ్చర్యపోవాలి. కానీ ఇప్పుడు చెప్పబోయే కోపం అలాంటి రోజువారీ కోపం కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బస్టాండు పక్కన వీడియో గేముల కొట్టు పెట్టారు. మనిషెత్తు చెక్క పెట్టెలు నాలుగు. ఒక్కోదానికీ లోపల టీవీ, కింద ఒక కర్ర, రెండు మీటలు. బిళ్ళ వేస్తే ఆట మొదలవుతుంది. మగపిల్లలు బడి ఎగ్గొట్టి మరీ వాటి చుట్టూ మూగేవాళ్ళు. నేను ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టు అరుగు మీద నిలబడి చూసేదాన్ని. అంత దూరం నుంచి ఆట కనబడదు, రంగులు మాత్రం కనబడతాయి. ఒకరోజు ధైర్యం చేసి, పిడికిట్లో రూపాయి బిళ్ళ పట్టుకుని లోపలికి వెళ్ళాను.

“ఏమ్మా, మీ అన్నయ్య కోసం వచ్చావా?” అన్నాడు కొట్టాయన.

“కాదండి, ఆడదామని.”

“ఆడపిల్లకిక్కడేం పనమ్మా? పో, ఇంటికి పో.”

లోపలున్న మగపిల్లలంతా తిరిగి చూసి నవ్వారు. బడి ఎగ్గొట్టిన వాడికి అక్కడ పనుందట, బడి అయ్యాక వచ్చిన నాకు లేదట! ఆ రోజు ఏడవలేదు. ఇంటికొచ్చి మా అక్క మీద అరిచాను. అక్కకు అలవాటే. ఎవరి మీద కోపమొచ్చినా నేను అరిచేది దాని మీదే.

మా అక్క గురించి చెప్పాలి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మిర్చి తొడిమలు తీసే కూలీ. తోటలో కోసి, కల్లంలో ఎండబెట్టిన కాయలు షెడ్డుకు వస్తే, ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఒక్కో కాయకూ తొడిమ తుంచి, తెల్లబారిన తాలుకాయల్ని వేరే పోస్తారు. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే సాయంత్రం దాకా అదే పని. మా చిన్నప్పుడు సీజన్లో అమ్మ ఇద్దర్నీ వెంట తీసుకెళ్ళేది. అక్క చేతులు చూస్తుండగానే పరిగెత్తేవి. నేను ఒక కాయ తీసేలోపు అది అయిదు తీసేది. రెండేళ్ళు చూసి, “ఈ చిన్నదాని చేతులు పనికిరావు, దీన్ని చదివించండి” అన్నాడు మేస్త్రి. అలా పనికిరానిదాన్ని నేను చదువుకున్నాను, పనికొచ్చేది అక్కడే ఉండిపోయింది. ఇదేం న్యాయమని ఎవరినడగాలి?

మూడేళ్ళ కిందట కాలేజీ స్టాఫంతా కలిసి వాడరేవు సముద్రానికి వెళ్ళాం. తిరిగి వస్తుంటే చీరాల దగ్గర టీ కోసం బస్సు ఆపారు. టీ కొట్టు పక్క షెడ్డులో అవే చెక్క పెట్టెలు! ఒకాయన వాటి కడుపులు చీరుతున్నాడు. పాత టీవీ ట్యూబులు, బోర్డులు లాగి అవతల పారేసి, వాటి స్థానంలో పల్చటి టీవీ, దొంగ కాపీల ఆటలు నింపిన డబ్బా ఒకటీ పెట్టి, రిసార్టులకు అమ్ముతాడట. పీకిన బోర్డులు గోతంలో ఉన్నాయి, పాత ఇనుముకు వెయ్యడానికి.

“ఇవెందుకు పీకారండీ?” అన్నాను.

“పాతయ్యి మేడం, పంజెయ్యవు.”

“పని చెయ్యవని మీకెలా తెలుసు? కరెంటు పెట్టి చూశారా?”

“ఎవరు చూస్తారు మేడం అయ్యన్నీ?”

నలభయ్యేళ్ళ కిందట ఎవరో బుర్ర పెట్టి, ఒక్క తీగ కూడా వృథా పోకుండా చేసిన పనితనం. దాన్ని చూడకుండానే పనికిరాదనేశాడు. మా మేస్త్రి కనీసం రెండేళ్ళు చూసి అన్నాడు! బస్సు హారను కొడుతున్నా వినకుండా, ఇంకా చెయ్యి పడని పెట్టె ఒకటి బేరమాడి, మర్నాడు ట్రాలీ ఆటోలో ఇంటికి తెప్పించాను.

తెరిచి చూస్తే లోపల ఎలుకలు దూదితో గూడు కట్టుకున్నాయి. ఇన్ని జిన్నింగు మిల్లులున్న చోట ఎలుకలకు మాత్రం మంచి పరుపులు దొరుకుతాయి. గూడు తీసి, తెగిన తీగలు అతికి, ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చి, రెండు నెలల సెలవు రోజులన్నీ పోస్తే టీవీ వెలిగింది. కానీ ఆట లేదు. ఆటను దాచే చిప్పులు ఏనాడో చచ్చిపోయాయి. అప్పుడనిపించింది, పాత ఆట దేనికి, కొత్తది నేనే రాస్తే పోలా అని. ఇలాంటి పాత పెట్టెలకు సరదాగా కొత్త ఆటలు రాసేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ళు ఇంటర్నెట్టులో పెట్టిన నోట్సు చదువుకుంటూ, తప్పుల మీద తప్పులు చేసుకుంటూ మొదలుపెట్టాను.

“ఫోన్లో యాప్ చేసుకోవచ్చుగా మేడం, ఆ డొక్కు పెట్టెకెందుకు?” అని మా స్టాఫ్ రూములో అడగని వాళ్ళు లేరు. ఫోన్లో ఎంతైనా చోటుంటుంది కనక ఎంత చెత్తయినా పెట్టొచ్చు. ఈ పెట్టెలో ఆట మొత్తానికి ఉన్న చోటు, పొద్దున్నే మనకు ఎవరో పంపే గులాబీపువ్వు గుడ్మార్నింగు బొమ్మకు కూడా చాలదు. అందులో మనుషుల్ని, చప్పుళ్ళను, లెక్కల్ని, గెలుపోటముల్ని సర్దాలి. ఒకటి పెట్టాలంటే ఇంకొకటి తియ్యాలి. ఏది ఉండాలో ఏది పోవాలో ప్రతి అంగుళానికీ మనం తేల్చుకోవాలి. ఆ పని ఎంత కష్టమో, ఎంత బాగుంటుందో ఆ రూములో ఒక్కరికీ చెప్పలేకపోయాను.

ఏం ఆట రాయాలన్నది మాత్రం క్షణంలో తేలింది. తెర పైనుంచి మిరపకాయలు రాలుతుంటాయి. కింద రెండు చేతులు. కర్రతో చేతుల్ని జరిపి, మీట నొక్కి తొడిమ తుంచాలి. తాలుకాయ వస్తే ఎడమకు నెట్టాలి. పొరపాటున మంచికాయల్లో తాలు కలిసిందా, పోగు మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది. తుపాకులు లేవు, విమానాలు లేవు. సగం పూర్తయ్యాక అక్కను పిలిచి ఆడించాను. ఆదివారం, చర్చి నుంచి నేరుగా వచ్చింది. తెల్ల చీరకొంగు బొడ్లో దోపుకుని పెట్టె ముందు నిలబడింది. నాలుగు నిమిషాలు ఆడి కర్ర వదిలేసింది.

“ఇది తొడిమలు తియ్యటం కాదే.”

“ఏమైంది?”

“కాయ వంక చూత్తా కూర్చుంటే ఎప్పటికి తేలద్ది? చూపు తాలు మీదుంటది. తొడిమ సంగతి వేలు చూసుకుంటది. నువ్వేమో రెండూ కంటికే పెట్టావు.”

నెల రోజులు కూర్చుని తిరగరాశాను. మళ్ళీ పిలిచాను. ఈసారి చాలాసేపు ఆడింది. ఒక బస్తా పూర్తి చేసింది. ‘మీరు గెలిచారు’ అని తెర మీద అక్షరాలు వెలిగాయి. నేను చప్పట్లు కొట్టాను.

“గెలవటమేంది? బస్తా అయిపోతే ఇంకో బస్తా వచ్చుద్ది” అంది.

గెలుపు తీసేశాను. బస్తా తర్వాత బస్తా, ఆడగలిగినంతసేపు. మూడోసారి ఆడుతూ అది తన చేతుల వంక చూసుకుంది, తెర మీది చేతుల వంక చూసింది.

“పొద్దున ఎట్లా ఉన్నయ్యో సాయంత్రానికీ అట్టాగే ఉన్నయ్యేంటే ఈ చేతులు? మండవా?”

నాకు సిగ్గేసింది. ఆ షెడ్డులో పెరిగినదాన్ని, ఆ సంగతే మర్చిపోయాను. మధ్యాహ్నం దాటితే వేళ్ళ సందుల్లో మంట మొదలవుతుంది. కొబ్బరినూనె రాసుకున్నా తగ్గదు. అన్నం కలుపుకోలేరు, చంటిపిల్లను ఎత్తుకోలేరు, కన్ను దురద పెడితే మోచేత్తో తుడుచుకుంటారు. అక్క ఆ పని మొదలుపెట్టాక నా తలకు నూనె రాయడం మానేసింది. ఎందుకు మానేసిందో పెద్దయ్యేదాకా నాకు తెలియలేదు.

అప్పుడు పెట్టాను మంటను. ఆట సాగేకొద్దీ చేతులు ఎర్రబడతాయి, వాస్తాయి, కర్ర ఎంత తోసినా నెమ్మదిస్తాయి. ఎర్రటి చేతులకు వేరే బొమ్మలు గియ్యాలి. పాత బోర్డు కదా, బొమ్మలన్నీ ఒకే చిప్పులో ఉండాలి. దాంట్లో మిగిలిన చోటంతా ఆ చేతులకే అయిపోయింది. చివర్లో ఇంకాస్త గీకి గీకి, మొదటి తెర మీద ఒక్క వరస పట్టించాను: ‘ఆట నేర్పింది మా అక్క.’ తెలుగక్షరాలకు ఇంగ్లీషు అక్షరాలకంటే చోటెక్కువ కావాలి. ఆ ఒక్క వరస కోసం రెండు వారాలు పట్టింది. అది చూసి అక్క, “నా గురించెందుకులేవే” అంది కానీ, ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆ తెర వెళ్ళిపోయేదాకా బిళ్ళ వేసేది కాదు.

ఇక్కడిదాకా కోపం లేదు. కోపం గుంటూరు నుంచి వచ్చింది.

అక్కడో ఇంజనీరింగు కాలేజీలో పాత కంప్యూటర్లు, పాత గేములతో రెండు రోజుల ప్రదర్శన పెడుతున్నారని, నా పెట్టె గురించి ఎవరో చెప్పారని, నిర్వాహకుడొకాయన ఫోన్ చేశాడు. ఇంటికొచ్చి చూశాడు. కుర్రవాడేం కాదు, నా వయసే ఉంటుంది. పొంగిపోయాడు. “అద్భుతమండీ! మన గుంటూరు మిర్చి, మన తెలుగు, మన మట్టివాసన! గేటు ఎదురుగా మీదే పెడతాం” అన్నాడు. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు? ఇరవయ్యేళ్ళలో నేను చేసిన పనిని అద్భుతమన్న మొదటి మనిషి. పోతూ పోతూ అక్కకు కూడా దణ్ణం పెట్టి, “తప్పకుండా రావాలమ్మా” అన్నాడు. అక్క ఆ రోజుకి పెద్దకొడుకు పెళ్ళికి కొన్న మంగళగిరి చీర తీసి ఇస్త్రీకిచ్చింది.

పది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్. ప్రదర్శనకు ఒక పురుగుమందుల కంపెనీ వాళ్ళు ఖర్చు పెడుతున్నారట. మొదటి తెర మీద వాళ్ళ గుర్తు రావాలట.

“చోటు లేదండీ” అన్నాను.

“చిన్నదేనండీ. ఆకు, ఆకు మీద డాలు, కింద పేరు.”

“చిన్నదీ లేదు, పెద్దదీ లేదు. అది పెట్టాలంటే ఇంకేదైనా తియ్యాలి.”

“అదేనండీ, నేనూ అదే చెబ్దామనుకుంటున్నాను. ఆ చేతులు ఎర్రబడటం ఉంది చూడండి, అది కొంచెం నెగటివ్‌గా ఉందంటున్నారు. మిర్చి అంటే మనకు బ్రాండండీ. పిల్లలొస్తారు, పెద్దలొస్తారు. సరదాగా ఉండాలి కదా! అది తీసేస్తే చోటు వస్తుందిగా?”

“రాదు. ఆ డాలుకు ఇంకొంచెం కావాలి.”

“మొదట్లో మీ అక్కగారి గురించి ఒక లైనుందిగా, అదీ తీసెయ్యండి. స్టేజీ మీద చెబ్దాం ఆవిడ గురించి. శాలువా కప్పుదాం.”

ఉన్నమాటంటే ఉలుకెక్కువని ఊరికే అన్నారా? కాయ అమ్ముకునే వాళ్ళకు కాయ కావాలి, మందు అమ్ముకునే వాళ్ళకు తోట కావాలి, కారం తినే వాళ్ళకు రంగు కావాలి. తుంచే చేతులు మాత్రం ఎర్రబడకూడదు, ఎర్రబడినా కనబడకూడదు. ఇదంతా ఇప్పుడు గడగడా చెబుతున్నాను కదా, ఆ రోజు ఫోన్లో ఏమన్నానో తెలుసా? “సరేనండీ, చూస్తాను” అన్నాను. నేను! కారం మేడం! గేటు ఎదురుగా పెడతామన్నాడు కదా, అద్భుతమన్నాడు కదా. తొమ్మిదో తరగతిలో అరుగు మీద నిలబడ్డదానికి ఆ గేటు కనిపించింది. ఇందులో నేను వెనకేసుకురావడానికేమీ లేదు.

ఇక పని. ఆ పాత చిప్పుల నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. దాని మీద ఎండ పడితే లోపల రాసింది నెమ్మదిగా చెరిగిపోతుంది. అందుకే రాయగానే కిటికీ మీద స్టిక్కరు వేస్తాం. చెరిపి మళ్ళీ రాయాలంటే స్టిక్కరు పీకి ఎండలో పెట్టాలి. దానికి దీపాలుంటాయి కానీ నాది ఎప్పుడో మాడిపోయింది, మా ఎండకు వారం చాలు. నా దగ్గర ఆ రకం బొమ్మల చిప్పులు మూడుండేవి. ఒకటి చచ్చింది, ఒకదాని కాలు విరిగింది. మిగిలింది ఆట నడుస్తున్నదొక్కటే. కొత్తవని గుంటూరులో అమ్మినవన్నీ పాతవాటి మీద రంగు వేసినవే. కాబట్టి అక్క ఉన్న చిప్పునే చెరపాలి. ఒక ఉదయం స్టిక్కరు పీకి, స్టీలు పళ్ళెంలో పెట్టి, మేడ మీద అక్క ఎండబెట్టుకున్న మిరపకాయల పట్టా పక్కన పెట్టి వచ్చాను. అక్కది రేకుల ఇల్లు, అందుకని ఏడాది కారానికి కాయలు మా మేడ మీదే ఎండబెడుతుంది. షెడ్డుకు వెళ్ళేముందు వచ్చి పరుస్తుంది, సాయంత్రం వచ్చి ఎత్తుతుంది. “ఆ పళ్ళెం కూడా పొద్దున పెట్టి సాయంత్రం తీస్తుండు” అని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. అదీ అడగలేదు. ఆ వారమంతా నేను మేడెక్కలేదు. అక్క ఎదురైతే తేలు కుట్టిన దొంగలా తప్పుకున్నాను.

ఎనిమిదో రోజు చిప్పు తెచ్చి పరీక్షించే యంత్రంలో పెట్టాను. చెరగలేదు. ఒక్క చుక్క కూడా పోలేదు. మళ్ళీ చూశాను, అంతే. ఏప్రిల్ ఎండ, వారం రోజులు, ఎలా చెరగదు? ప్రదర్శనకు మూడు రోజులుంది. కోపంతో మేడ మీదకు పరిగెత్తాను. సాయంత్రం, అక్క కాయలు కుప్ప చేస్తోంది.

“ఆ పళ్ళెం ఎండలో పెట్టావా లేదా?”

“పెట్టకేం? రోజూ పెట్టాను.”

“ఎలా పెట్టావు?”

“నువ్వు బోర్లా పెట్టావుగా, కాళ్ళు కిందకేసి. తడంతా కాళ్ళకేగా పట్టేది, వాటికి ఎండ తగలకపోతే బూజు రాదూ? మొదటి రోజు సాయంత్రమే చూసి తిరగేశాను. ఆ తర్వాత రోజూ కాళ్ళు పైకే పెట్టాను.” నా మొహం చూసి కాస్త తగ్గింది. “ఏమే, పాడైపోయిందా?”

జిల్లాకు జిల్లా అంతా మిరపకాయలు, పొగాకు, పత్తి, చేపలు అన్నీ ఎండబెట్టుకుని బతికేవాళ్ళం. మా దగ్గర ఒక వస్తువును ఎండలో పెట్టారంటే అది బాగుపడాలనే పెడతారు. చెడాలని ఎండలో పెట్టేవాళ్ళుంటారని దానికేం తెలుసు? కాళ్ళు పైకొస్తే కిటికీ కిందకు పోతుంది, మొదటి ఒక్కరోజు ఎండ దానికి చాలదు. అక్క వారం రోజులు జాగ్రత్తగా, ప్రేమగా, తన బొమ్మను కాపాడింది.

“పాడవలేదు. చెరగాల్సింది చెరగలేదు. నేను చెరుపుదామని పెట్టానే” అన్నాను. అరిచినట్టే అన్నాను.

“ఏం చెరుపుదామని?”

ఇక దాచడానికి లేదు. మొత్తం చెప్పాను. కంపెనీ గుర్తు, చోటు, చేతులు, ఆ ఒక్క వరస, శాలువా. అక్క వింటూ తాలుకాయలు ఏరుతూనే ఉంది. అంతా అయ్యాక చేతిలో కాయలు కింద పెట్టింది.

“నా గురించి రాసింది తీసేసుకో. నేనేం అడిగి రాయించుకోలేదు. మంట తియ్యటానికి నువ్వెవతివే? ఒక్కనాడన్నా సాయంత్రం దాకా కూర్చున్నావా?”

నా జన్మలో అక్క నన్ను కోప్పడ్డది అప్పుడే. కిందికొచ్చి కిటికీ మీద కొత్త స్టిక్కరు వేసి, చిప్పు తీసుకెళ్ళి బోర్డులో పెట్టాను. నిర్వాహకుడికి మెసేజ్ పెట్టాను, ఏదీ తియ్యడం లేదు, ఆట ఉన్నదున్నట్టే తెస్తున్నాను అని. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి.

ప్రదర్శన రోజు గేటు ఎదురుగా ఏముందో ఊహించుకోవచ్చు. చీరాల షెడ్డులో చూశానే, అలా కడుపు చీరిన పెట్టె. పల్చటి టీవీ, దొంగ ఆటలు, పక్కన మనిషెత్తు ఆకు, డాలు. నా పెట్టెకు మరుగుదొడ్ల పక్క వరండా మూల చూపించారు. ట్రాలీ ఆటో వాడు, నేను, అక్క, ముగ్గురం మోసుకెళ్ళి పెట్టాం. చీర నలుగుతుందన్నా అక్క వినలేదు. అయినా జనం వచ్చారు. ముఖ్యంగా హాస్టలు ఆడపిల్లలు. అక్క పక్కనే నిలబడి, “కళ్ళు తాలు మీద పెట్టమ్మా, తొడిమ వంక చూడబాక” అని ఒక్కొక్కరికీ చెబుతోంది. వరస వరండా దాటింది.

మధ్యాహ్నం కంపెనీ అధికారి ఒకాయన్ని వెంటబెట్టుకుని నిర్వాహకుడు అటు వచ్చాడు. ఇంత వరస ఎందుకుందో చూడ్డానికి వచ్చినట్టున్నారు. పిల్లల్ని పక్కకు జరిపి అధికారి తనే కర్ర పట్టుకున్నాడు. మొదటి బస్తా బాగానే ఆడాడు. రెండో బస్తాలో చేతులు ఎర్రబడ్డాయి. కర్ర అటూ ఇటూ గుంజాడు. కాయలు మీద పడిపోతున్నాయి, చేతులు కదలడం లేదు.

“ఏదో బగ్ ఉందండీ ఇందులో. చేతులు స్ట్రక్ అయిపోయాయి” అన్నాడు.

“మేడం, చూడండి ఒకసారి, సరి చెయ్యండి” అన్నాడు నిర్వాహకుడు నాతో, మెసేజ్ సంగతి తెలియనట్టు.

నేను నోరు తెరిచేలోపు అక్క అందుకుంది.

“బాగానే ఉందండీ. ఆ చేతులకి సాయంత్రం నాలుగైంది, అంతే. ఇంకో రెండు గంటలు ఆడాలి మీరు.”

అధికారి కర్ర వదిలేసి జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఏమంటుకుందని తుడుచుకున్నాడో! నిర్వాహకుడు ఆయన్ని పంపించి వెనక్కి వచ్చి, వంగి ప్లగ్గు పీకేశాడు. తెర మీద రెండు ఎర్ర చేతులు చిన్న చుక్కయిపోయి ఆరిపోయాయి. నేను వెళ్ళి మళ్ళీ ప్లగ్గు పెట్టాను. “లోడు ఎక్కువవుతోంది మేడం” అంటూ మళ్ళీ పీకాడు. నోటికొచ్చిన మాట ఇక్కడ రాయలేను. అంతమంది ఆడపిల్లల ముందు అన్నాను, అన్నందుకు ఇప్పటికీ చింత లేదు.

నేనరుస్తుండగానే అక్క వంగి ప్లగ్గు తీసి గోడకు పెట్టింది. స్విచ్చి వేసింది. ఆ స్విచ్చి బోర్డుకు వీపు ఆనించి, మంగళగిరి చీరతో ఆ గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నిర్వాహకుడు స్విచ్చి వైపు చెయ్యి చాపబోయి ఆగాడు. ఆవిణ్ణి ముట్టుకోకుండా ఆ స్విచ్చి అందదు.

“తర్వాత ఎవరమ్మా? రండి” అంది అక్క.